ఒకే రీమర్, ఎనిమిది కొయ్య వేణువులు, అయిదింటిలో శ్రుతి దోషం: ఒక కేస్ స్టడీ

ఒకే వారంలో, ఒకే రీమర్‌తో (బెజ్జాన్ని లోపలినుంచి కోసి వెడల్పు చేసే పనిముట్టు) బోర్, అంటే లోపలి గొట్టపు దారి, తీసిన ఎనిమిది కొయ్య వేణువుల్లో మూడు బాగా పలికాయి. అయిదు పలకలేదు. కారణం దొరకడానికి మాకు దాదాపు నెల పట్టింది. ఆ నెలలో రెండు తలభాగాలను నా చేతులతోనే పాడుచేశాను. నేను తొక్కిన తప్పుదారులను కూడా వదలకుండా ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది ఏ లేత్ కొనాలి, ఏ డ్రిల్ కొనాలి అనే. అవి అవసరమే, వాటి గురించీ చెబుతాను. కానీ మా దోషాన్ని పట్టిచ్చినవి ఆ యంత్రాలు కావు. పదోవంతు గ్రాము వరకు చూపే ఒక చిన్న తూకం, చివర ఇత్తడి బిళ్ల బిగించిన ఒక సన్నని చువ్వ.

వాద్యం, దాని కొలతలు

మేము చేసేది ఆరు వేలి రంధ్రాల అడ్డ వేణువు, మీటలు ఉండవు. అన్ని రంధ్రాలూ మూసి ఊదితే డి స్వరం, అంటే 293.7 హెర్ట్జ్. వాద్యం రెండు ముక్కలు: ముఖరంధ్రం ఉండే తలభాగం, వేలి రంధ్రాలు ఉండే ఒడలు. తలభాగంలో బోర్ మొదటినుంచి చివరిదాకా ఒకే వెడల్పు, 19 మి.మీ. ఒడలిలో మాత్రం శంకువులా సన్నబడుతూ పోతుంది: పైకొన దగ్గర 18.6 మి.మీ., కిందికొన దగ్గర 12 మి.మీ., ఆ రెంటి మధ్య దూరం 395 మి.మీ. ఈ ఆకారం 17వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో కుదురుకున్నది. 1847లో జర్మన్ వేణువుల తయారీదారు థియోబాల్డ్ బోమ్ దాన్ని తిరగేసి, ఒడలిని సమానమైన గొట్టంగా, తలను సన్నబడేదిగా చేశారు. ఇప్పటి లోహపు ఫ్లూట్లు ఆ దారిలోవే. మేము పాత శంకువుతోనే ఉన్నాము, దాని కింది స్వరాలలోని చీకటి మాకు ఇష్టం.

ఒడలి బోర్ ప్రతి 60 మి.మీ.కు 1 మి.మీ. చొప్పున సన్నబడుతుందన్నమాట. కాబట్టి రీమర్ ఇంకో 6 మి.మీ. లోపలికి పోతే బోర్ అన్నిచోట్లా 0.1 మి.మీ. వెడల్పవుతుంది. ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు, తర్వాత వచ్చే కొలతలన్నీ దీనితోనే అర్థమవుతాయి.

కొయ్య సంగతి. ఏళ్ల తరబడి మేము ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌తో పనిచేశాము. అది డాల్‌బెర్జియా జాతి చెట్టు. 2017 జనవరి 2 నుంచి ఆ జాతిలోని దాదాపు అన్ని చెట్లూ, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వచ్చాయి, సరిహద్దు దాటించాలంటే పత్రాలు కావాలి. పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ, అప్పటికే మేము బాక్స్‌వుడ్‌కు అలవాటు పడుతున్నాము. లేత పసుపు రంగు, వెన్నలా తెగే పీచు, ఉలి కింద అద్దంలా తేలే మెరుగు. పాతకాలపు వేణువుల్లో చాలావరకు ఈ కొయ్యతో చేసినవే. దానికి ఒకటే చెడ్డ అలవాటు, కదులుతుంది. పాత బాక్స్‌వుడ్ వేణువు ఏదైనా కంటి ఎత్తున పట్టి చూడండి, విల్లులా ఒంపు తిరిగి ఉండే అవకాశం ఎక్కువ.

పని సాగే తీరు

చతురస్రంగా కోసిన కడ్డీల కొనలకు మైనం పూసి ఉంచుతాము. అడ్డకోతలోనుంచి తేమ పక్కలకంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొనలు ముందే ఎండితే అక్కడ నెర్రెలు పడతాయి. తర్వాత లేత్ మీద 36 మి.మీ. గుండ్రని కడ్డీగా తిప్పి, గన్ డ్రిల్‌తో పొడవునా 11.5 మి.మీ. బెజ్జం వేస్తాము.

గన్ డ్రిల్ గురించి కాస్త చెప్పాలి. 395 మి.మీ. లోతు బెజ్జాన్ని మామూలు మెలిక డ్రిల్‌తో వేస్తే పొట్టు గాడుల్లో ఇరుక్కుంటుంది, వేడెక్కుతుంది, మొన పక్కకు జారి పీచు వెంట పోతుంది. గన్ డ్రిల్‌కు ఒకే అంచు ఉంటుంది. దాని కడుపులో చివరిదాకా ఒక సన్నని దారి ఉంటుంది. ఆ దారిగుండా కంప్రెసర్ గాలి మొన దగ్గరకు పోయి, పొట్టును గాడివెంట వెనక్కి ఊదేస్తుంది. గాలి ఆగితే చేతికి తెలుస్తుంది, చప్పుడు బొంగురుపోతుంది. ఆ క్షణమే వెనక్కి లాగాలి. డ్రిల్ కదలకుండా ఉండి కొయ్య తిరగడం ముఖ్యం. కొయ్య తిరిగితే డ్రిల్ తనంతట తాను నడిమికి వస్తుంది, డ్రిల్ తిరిగితే పోయినదారినే పోతుంది. మేము లేత్‌ను నిమిషానికి సుమారు 1200 చుట్ల మీద నడుపుతాము. ఇంత చేసినా అవతలి కొన దగ్గర అర మిల్లీమీటరు తప్పడం మామూలే. దానికి మందు వరసలో ఉంది: ముందు బోర్, తర్వాతే బయటి రూపు. బెజ్జం రెండు కొనలనూ శంకువు మొనల మీద నిలబెట్టి బయటివైపు తిప్పితే, గోడ మందం చుట్టూ సమంగా వస్తుంది. కొత్తవాళ్లు అందంగా బయట తిప్పేసి తర్వాత బెజ్జం వేయబోతారు. ఆ వేణువు గోడ ఒకపక్క పలచన, ఒకపక్క మందం అవుతుంది, పగిలేది ఆ పలచని పక్కే.

బెజ్జం తర్వాత 13, 15, 17 మి.మీ. డ్రిల్లులతో మెట్లుమెట్లుగా వెడల్పు చేసి, చివర రీమర్‌తో ఆ మెట్లను కలిపి శంకువు చేస్తాము. రీమర్ మేమే చేసుకున్నది. టూల్ స్టీల్ కడ్డీని లేత్ మీద వాలుగా తిప్పి, నిలువునా సగానికి ఒక వెంట్రుకవాసి ఎక్కువ మిగిలేలా కోసేయాలి. అడ్డంగా చూస్తే అర్ధచంద్రంలా ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ ఇంత పొడవు సన్నని ముక్క వంకరపోవడం దాదాపు ఖాయం. కొయ్య కోయడానికి గట్టిపరచని ఉక్కు కూడా చాలు కాబట్టి అలాగే వదిలేశాము. రీమింగ్ నెమ్మదిగా, నిమిషానికి 60 చుట్లకు మించకుండా. రెండు మూడు సెంటీమీటర్లు పోగానే బయటికి తీసి పొట్టు దులపాలి. రీమర్ మీద ఒక ఉంగరం బిగించి ఉంటుంది, అది కొయ్యను తాకితే లోతు పూర్తయినట్టు.

ఫిర్యాదు

ఎనిమిదీ ఒక సంగీత బృందం కోసం. ఊది చూసినప్పుడు నాకే ఏదో తేడా వినిపించింది. కింది డి స్వరాన్ని ట్యూనర్ మీద సరిగ్గా నిలబెట్టి, పెదవి మార్చకుండా గాలి మాత్రం పెంచి పై డి, అంటే ఒక స్థాయి పైన ఉండే డి, పలికిస్తే, అది దిగివస్తోంది. మూడు వేణువుల్లో 4, 5 సెంట్లు మాత్రమే (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు). నోటితో సర్దుకోగల తేడా అది. మిగతా అయిదింటిలో 12 నుంచి 15 సెంట్లు. వాయించేవాళ్లు పై స్థాయికి వెళ్లిన ప్రతిసారీ పెదవి బిగించి పైకి లాగాల్సిన పరిస్థితి. చేతిలో పెట్టిన వాద్యం వాళ్లతో పోట్లాడకూడదు. ఇలా పంపించే ప్రశ్నే లేదు.

కొలిచేటప్పుడు గది వేడి మారకుండా చూశాము. వేడి ఒక డిగ్రీ పెరిగితే వేణువు సుమారు 3 సెంట్లు పైకి పోతుంది. చల్లని వేణువును ఒకసారి, ఊది వెచ్చబడ్డాక ఇంకోసారి కొలిచి పోల్చితే లేని దోషాలన్నీ కనబడతాయి.

రెండు తప్పుదారులు

మొదట బిరడా. ముఖరంధ్రం అవతల తలను మూసే కార్క్ బిరడా రంధ్రానికి దగ్గరైతే, పై స్థాయి కింది స్థాయికంటే ఎక్కువగా పైకి జరుగుతుంది. మాది రంధ్రం నడిమినుంచి 19 మి.మీ. దూరంలో ఉంటుంది. దాన్ని 4 మి.మీ. లోపలికి నెట్టాము. డి స్వరం కొంత సర్దుకున్నది, కానీ కింది స్వరాల బలం తగ్గింది, పై స్థాయిలో చివరి స్వరాలు హద్దు దాటి పైకి పోయాయి. ఒక స్వరానికి మందు వేసి అయిదింటికి జబ్బు తెచ్చాము. బిరడాను యథాస్థానానికి లాగేశాము. అదైనా వెనక్కి తీసుకోగలిగిన పని.

రెండోది వెనక్కి తీసుకోలేనిది. ముఖరంధ్రం లోపలి అంచును వాలుగా చెక్కే తీరులో తేడా ఉందేమోనని అనుమానించి, రెండు తలభాగాల్లో కత్తితో లోవాలు పెంచాను. పలుకు తీరు మారింది, దోషం మారలేదు. ఆ రెండు తలలూ పనికిరాకుండా పోయాయి. అంతకుముందు ఒకే ఒక పని చేసి ఉంటే చాలు: బాగున్న వేణువు తలను బాగాలేని ఒడలికి తగిలించి ఊదడం. తర్వాత ఆ పరీక్ష చేశాము. దోషం ప్రతిసారీ ఒడలి వెంటే వెళ్లింది, తల వెంట కాదు. అయిదు నిమిషాల పరీక్ష. అది రెండు కొయ్యలు పాడైన తర్వాత గుర్తుకు రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

బోర్ కొలిచాము

సన్నబడుతూ పోయే బోర్ కొలవడానికి అతి నమ్మకమైన సాధనాన్ని ఎవరైనా సొంత లేత్ మీద చేసుకోవచ్చు. ఇత్తడి బిళ్లలు, 12 మి.మీ. నుంచి 18.6 మి.మీ. దాకా 0.2 మి.మీ. తేడాతో. ఒక్కో బిళ్లను గీతలు గీసిన చువ్వ కొనకు బిగించి, బలం పెట్టకుండా లోపలికి జార్చాలి. అది ఎక్కడ ఆగితే అక్కడ బోర్ ఆ వెడల్పు. మా లెక్క ప్రకారం 15.6 మి.మీ. బిళ్ల పైకొననుంచి 180 మి.మీ. లోతున ఆగాలి.

అయిదు దోషపు ఒడళ్లలో అది 162 మి.మీ. దగ్గరే ఆగింది. 18 మి.మీ. ముందుగా, అంటే ఆ చోట బోర్ 0.3 మి.మీ. ఇరుకు. బాగున్న మూడింటిలో 174 మి.మీ. దగ్గర ఆగింది, 0.1 మి.మీ. ఇరుకు. రెండు కొనల దగ్గర ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి. ఇరుకంతా ఒడలి నడుమే.

నడుమ ఇరుకైతే స్థాయిలు ఎందుకు దగ్గరవుతాయో గాలిని తలుచుకుంటే తెలుస్తుంది. రెండువైపులా తెరిచిన గొట్టంలో కింది స్వరం పలికేటప్పుడు గొట్టం మధ్యన గాలి ఒత్తిడి ఎక్కువగా మారుతుంది, కదలిక తక్కువ. ఒత్తిడి మారే చోటు ఇరుకైతే స్వరం పైకి పోతుంది. అదే వేణువులో పై స్వరం పలికేటప్పుడు ఆ మధ్యనే గాలి అటూ ఇటూ జోరుగా కదులుతుంది. కదిలే చోటు ఇరుకైతే స్వరం కిందికి దిగుతుంది. ఒకే ఇరుకు కింది డిని పైకి, పై డిని కిందికి నెడుతోంది. మా ఒడలిలో 180 మి.మీ. అనే చోటు, తలను కలిపి చూస్తే, ముఖరంధ్రంనుంచి మొత్తం పొడవులో సగం దాటిన చోటు.

పుస్తకజ్ఞానం మీద కొయ్య కోయదలచుకోలేదు, కాబట్టి పరీక్షించాము. మామూలు రాతకాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని పది సెంటీమీటర్ల వెడల్పుతో కోసి, గొట్టంలా చుట్టి, బాగున్న ఒక వేణువు నడుమ లోపలి గోడకు అతుక్కునేలా తోశాము. వ్యాసం 0.2 మి.మీ. తగ్గినట్టే. కాగితం కొన్ని వేలి రంధ్రాలను లోపలినుంచి మూసేస్తుంది, కానీ మాకు కావలసింది అన్నీ మూసి పలికే డి మాత్రమే. ఊదాము. 4 సెంట్ల తేడా 13 అయింది. కాగితం తీసేశాము, మళ్లీ 4. ఆ సాయంత్రం ఆ కాగితాన్ని ఎన్నిసార్లు పెట్టి తీశామో లెక్కలేదు, అంత ఆనందంగా ఉండింది.

ఇరుకు ఎక్కడిది

రీమర్‌ను దీపానికి ఎదురుగా పట్టి భూతద్దంతో చూస్తే, నడిమి పది సెంటీమీటర్ల మేర అంచు మొద్దుబారి మెరుస్తోంది. పదునైన అంచు మెరవదు, మెరిసేది అరిగిన అంచే. కారణం మా మెట్లే. మూడే డ్రిల్లులతో వెడల్పు చేయడంవల్ల కోయవలసిన కొయ్యలో ఎక్కువ భాగం నడిమి మెట్టు దగ్గర మిగిలిపోతోంది, ఆ భారమంతా రీమర్ నడుము మీద పడుతోంది. మొద్దు అంచు కొయ్యను కోయదు, నొక్కుతుంది. రీమర్ బయటికి రాగానే నొక్కుకుపోయిన పీచు మళ్లీ లేస్తుంది. బోర్ ఇరుకవుతుంది.

దొరికింది అనుకొని నేను రీమర్ నూరడానికి కూర్చున్నాను. నాతో పనిచేసే మా తమ్ముడు బిళ్ల కొలతలు రాసిన కాగితం చూస్తూ అడిగాడు: “అన్నయ్యా, రీమర్ ఎనిమిదింటికీ ఒకటే కదా. మూడింటికి 0.1 ఇరుకైతే అయిదింటికి 0.3 ఎందుకైంది?”

నా దగ్గర జవాబు లేదు. రీమర్ 0.1 వరకే బాధ్యురాలు. మిగిలిన 0.2 ఇంకెక్కడో ఉంది.

బిళ్ల చెప్పేది ఆ చోట ఉన్న అతి తక్కువ వెడల్పు మాత్రమే. బోర్ గుండ్రంగా ఉందో లేదో అది చెప్పదు. అందుకని రెండు మొనలతో తాకే బోర్ గేజ్ తీసుకొని, అదే లోతున రెండు దిక్కుల్లో కొలిచాము: కొయ్యలోని పెరుగుదల వలయాల వెంట ఒకసారి, వలయాలకు అడ్డంగా ఒకసారి. మూడు మంచి ఒడళ్లలో రెండు కొలతలూ ఒకటే. అయిదింటిలో 0.12 మి.మీ. తేడా, తక్కువ కొలత ప్రతిసారీ వలయాల వెంటే. కొయ్య ఆరేటప్పుడు వలయాలకు అడ్డంగా కంటే వలయాల వెంట దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువగా కుంచించుకుపోతుంది. గుండ్రని బెజ్జం అండాకారమవుతుంది. ఈ ఒడళ్లు రీమింగ్ అయ్యాక కూడా ఆరుతూనే ఉన్నాయి.

ప్రతి కడ్డీకి మేము ఒక చీటీ కడతాము. బెజ్జం వేసిన రోజు బరువు, ఆ తర్వాత వారం వారం బరువు. బెజ్జం వేయగానే కడ్డీకి లోపలినుంచి కొత్త గాలి తగులుతుంది, మళ్లీ ఆరడం మొదలవుతుంది. బరువు నిలకడపడేదాకా రీమర్ పెట్టకూడదని నియమం. మూడు మంచి కడ్డీల చీటీల్లో పదమూడు వారాల అంకెలున్నాయి, చివరి నాలుగింటిలో మార్పు అర గ్రాము లోపు. అయిదు కడ్డీలు తర్వాత వచ్చినవి. వాటి చీటీల్లో మూడే అంకెలు, ఉదాహరణకు ఒకదానిలో 331, 328.5, 326.4 గ్రాములు. వారానికి రెండు గ్రాములకు పైగా నీరు పోతోంది. నాలుగో వారం అంకె లేదు, ఎందుకంటే నాలుగో వారంలో నేను వాటికి రీమర్ పెట్టేశాను. ఇచ్చిన గడువు దగ్గరపడింది. పైపైన తేమ మీటరు ఆనిస్తే 9 శాతం చూపింది, చాలనుకున్నాను. సూదులు దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. కడుపులో ఉన్న తేమ ఆ మీటరుకు తెలియదు. కొనలు ఎలాగూ ముందే ఆరాయి, అందుకే కొనల దగ్గర బోర్ మారలేదు. నడుము ఆలస్యంగా ఆరింది, అక్కడే ముడుచుకుంది.

సరిదిద్దిన తీరు

బృందానికి విషయం చెప్పి గడువు అడిగాము, ఇచ్చారు. ఒడళ్లను గాలి ఆడే అరలో పెట్టి వారం వారం తూచాము. ఆరు వారాలకు బరువులు నిలిచాయి. వరసగా రెండు వారాలు అర గ్రాముకంటే తక్కువ మార్పు వస్తేనే నిలిచినట్టు లెక్క. ఈలోగా రీమర్ పని. అర్ధచంద్రపు రీమర్‌ను చదును ముఖం మీద మాత్రమే సానరాయితో నూరాలి. గుండ్రని వీపును తాకితే దాని కొలత పోతుంది. చదునును కూడా పొడవునా ఒకే లెక్కన నూరాలి, నడుమ మొద్దుగా ఉందని నడుమే నూరితే పల్లం పడుతుంది.

తర్వాత రీమింగ్, ఈసారి లేత్ మీద కాదు, చేత్తో. ఉంగరాన్ని పాత లోతు దగ్గరే బిగించాము. అదే లోతు దగ్గర ఆగిన రీమర్ ఇరుకైనచోట మాత్రమే కోస్తుంది, కొనల జోలికి పోదు. బయటికి వచ్చిన పొట్టు చూడముచ్చటగా ఉంది. రీమర్ నడిమి భాగానికే అంటుకొని ఉంది. అంతా ఒకే తెరలా రాలేదు, చుట్టుకు రెండుసార్లు తెగుతూ తెగుతూ వచ్చింది. అండాకారపు బోర్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు గోడలే అంచుకు అందుతున్నాయి.

వేలి రంధ్రాలు వేసిన ఒడలిలో రీమర్ తిప్పడం ప్రమాదమని తెలుసు. అంచు రంధ్రం గట్టును దాటే ప్రతిసారీ పట్టుకుంటుంది. రంధ్రాల్లో మైనం నింపి, నెమ్మదిగా తిప్పాము. అయినా ఒక ఒడలిలో మూడో రంధ్రం లోపలి గట్టు పెచ్చులేచిపోయింది. దాన్ని పక్కన పెట్టాము.

మిగిలిన నాలుగింటిలో 15.6 బిళ్ల 179, 180, 180, 178 మి.మీ. దగ్గర ఆగింది. డి స్థాయిల తేడా 2, 3 సెంట్లకు వచ్చింది. ఇరుకు పోవడంతో కింది డి కొద్దిగా దిగింది కాబట్టి, ఒడలి కిందికొనను ఒక మిల్లీమీటరు పైచిలుకు కోయాల్సివచ్చింది. కొన్ని రంధ్రాలు మళ్లీ శ్రుతి చేశాము. బాగున్నాయనుకున్న మూడింటికి కూడా నూరిన రీమర్‌ను ఒకసారి తిప్పాము. తర్వాత అన్నిటి బోర్‌కూ అవిసె నూనె పట్టించాము. నూనె ఊపిరి తేమను పూర్తిగా ఆపదు, కానీ అది కొయ్యలోకి ఇంకే వేగాన్ని తగ్గిస్తుంది. రెండు కొత్త తలలు, ఒక కొత్త ఒడలు చేసి ఎనిమిదీ అప్పగించాము.

వర్క్‌షాపులో మారినవి

మెట్ల డ్రిల్లులు మూడు నుంచి ఆరుకు పెంచాము. 12 మి.మీ. నుంచి 17 దాకా ఒక్కో మిల్లీమీటరు తేడాతో ఉంటాయి. రీమర్ మీద భారం పొడవునా పంచుకుపోయింది, అంచు ఇప్పుడు ఒకేతీరున అరుగుతోంది. రీమింగ్ కూడా రెండు విడతలైంది. మొదటి విడతలో ఉంగరాన్ని 30 మి.మీ. ముందే ఆపి, బోర్‌ను అర మిల్లీమీటరు ఇరుకుగా వదిలేస్తాము. కొయ్య ఎటు కదలదలచుకుంటే అటు కదిలాక, మళ్లీ తూకం నిలిచాక, చివరి కోత. రంధ్రాలు ఆ తర్వాతే. ఎవరైనా నన్ను యంత్రాల ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చని అడిగితే, లేత్ పాతదైనా ఫరవాలేదు, గన్ డ్రిల్‌కు గాలి మాత్రం లోటు లేకుండా చూసుకోండి, తూకం తప్పక కొనండి అంటాను. పొట్టును పీల్చే యంత్రం, ముఖానికి మాస్కు మాత్రం ఖర్చు తగ్గించే పట్టికలోకి రావు. బ్లాక్‌వుడ్ లాంటి కొయ్యల ధూళి చర్మానికీ ఊపిరితిత్తులకూ పడకపోతే, ఇక ఆ కొయ్యతో పనిచేయడమే కుదరదు.

చీటీ నియమంలోనూ ఒక మార్పు వచ్చింది. రీమర్ పెట్టే ముందు చీటీ మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. నేనొక్కడినే నిర్ణయించకూడదని నేనే పెట్టిన నియమం అది.

ప్రస్తుతం అరలో పది బాక్స్‌వుడ్ ఒడళ్లు ఉన్నాయి, మొదటి విడత రీమింగ్ అయినవి. పోయిన వారం ఏడింటి బరువు అర గ్రాము లోపే మారింది, ఈ వారం కూడా అంతే. మిగతా మూడింటిలో ఒకటి ఇంకా 0.9 గ్రాములు తగ్గింది. ఏడు చీటీల మీద రెండు సంతకాలూ పడ్డాయి, సోమవారం రీమర్ తీస్తాము. మూడు అరలోనే ఉంటాయి.